పెద్దాయన కాఫీ ప్లగ్గు

ఆ పూట కూడా కాఫీ కెటిల్ ప్లగ్గు పీకేసి, అక్కడ అలారం ప్లగ్గు గుచ్చి, వద్దమ్మ నడుం పట్టుకుని లేచి నిలబడింది. సాకెట్టు నేలకు జానెడెత్తున ఉంది. వంగినప్పుడల్లా మోకాళ్లు కలుక్కుమంటున్నాయి.

ఆవిడ ఆ పరిశోధన సంస్థలో భద్రతాధికారి. పొద్దున వచ్చింది మొదలు "వద్దు, వద్దు" అంటూ తిరుగుతుంది కాబట్టి కుర్ర పరిశోధకులు ఆ పేరు పెట్టారు. ఇంట్లోనూ అదే వరస. నిద్రపోయే ముందు గ్యాస్ కట్టేసిందో లేదో మూడుసార్లు చూసుకుంటుంది. "నువ్వు పక్కనుంటే అగ్గిపుల్ల కూడా వెలగడానికి జంకుతుందే" అంటాడు మొగుడు.

ఇది అందరూ పెద్దాయన అని పిలిచే పేరుమోసిన శాస్త్రవేత్త ప్రయోగశాలను ఆనుకున్న ఇరుకు గది. కిటికీ లేదు. మూలన నడుమెత్తు డబ్బాల్లో ద్రవ నైట్రోజన్ ఉంటుంది. అది ఆవిరై గది నిండితే పీల్చే గాలిని తరిమేస్తుంది. రంగుండదు, వాసనుండదు, ఊపిరాడటం లేదన్న సంగతి కూడా తెలియదు. మనిషి నిలబడ్డచోటే కూలిపోతాడు. అందుకే గోడకు అలారం పెట్టారు, గాలిలో ప్రాణవాయువు తగ్గితే కూత పెడుతుంది. గది మొత్తానికి ఉన్నది ఒక్కటే సాకెట్టు. అందులో పెద్దాయన కాఫీ కాస్తారు.

"ఏమ్మాయ్, మళ్లీ నా కాఫీ మీద పడ్డావా?" అంటూ ఆయన రానే వచ్చారు. ఒంటిమీద కోటు లేదు. కళ్లకు పెట్టుకోవలసిన రక్షణ అద్దాలు బట్టతల మీద ఎక్కి కూర్చున్నాయి. యాభై దాటిన మనిషిని అమ్మాయ్ అని పిలిచేది లోకంలో ఆయనొక్కరే. ఆ పిలుపు దగ్గరే ఆవిడ కోపం సగం చల్లారిపోతుంది, ఆ సంగతి తలుచుకుంటే మిగతా సగం రెట్టింపవుతుంది.

"సార్, డబ్బా ఒంపుకునేటప్పుడు తలుపన్నా తీసి ఉంచండి."

"వరండాలో ఆ గోలకి బుర్ర పనిచేయదమ్మాయ్. నలభై ఏళ్లుగా ఈ డబ్బాలతోనే కాపురం చేస్తున్నా. నాకేమైనా అయిందా?"

అయ్యాక చెప్పడానికి తమరుండరు సార్, అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి ఎన్నని చెబుతాం?

డైరెక్టరు దగ్గరికి వెళ్లింది. ఆయన కుర్చీలో ఇటు కదిలి, అటు కదిలి, "ఈ భవనం లేచిందే ఆయన పేరు మీదమ్మా. ఆయనకి నేనేం చెప్పను? కాస్త చూసీ చూడనట్టు పోండి" అన్నారు. చూడటానికే జీతమిస్తున్నారు కదా సార్ అంటే, నవ్వి ఫోనెత్తుకున్నారు.

మెట్లు దిగుతుంటే ఒళ్లు మండిపోయింది. అలారానికి ఇంకో సాకెట్టు కావాలని ఎండాకాలం నుంచి అడుగుతోంది. అదిగో ఇదిగో అన్నారే తప్ప ఒక్కరూ రాలేదు. ఏమనిపించిందో, మరమ్మతుల విభాగానికి ఫోను చేసి, "పెద్దాయనకి కాఫీ కాచుకోవడం ఇబ్బందిగా ఉందట" అంది. ఆవిడ గదికి చేరేసరికే ఎలక్ట్రీషియను అక్కడున్నాడు. జానెడెత్తు పనికి నిచ్చెన కూడా మోసుకొచ్చాడు.

"పెద్దాయన పనని ముందే చెప్పాలి కదమ్మా!" అన్నాడు నొచ్చుకుంటూ.

ఒక్క సాకెట్టున్న చోట రెండు వచ్చాయి. ఒకదానికి అలారం, ఒకదానికి కాఫీ. పెద్దాయన చూసి "భేష్" అన్నారు. మధ్యాహ్నం ఆవిడ మొగుడికి ఫోను చేసి, "గెలిచాను" అంది.

"ఎవరి మీద?"

"కాఫీ కెటిల్ మీద."

చాలా కాలానికి ఆ రోజు కూర్చుని, నిదానంగా అన్నం తింది.

సాయంత్రం ఇంటికి బయల్దేరబోతుంటే పెద్దాయన విద్యార్థిని పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, సార్ లోపలున్నారు, పిలిస్తే పలకట్లేదు" అంది. మూసిన తలుపు అద్దంలోంచి చూస్తే, నైట్రోజన్ చలికి నేల మీద పొగమంచు కట్టి పాకుతోంది. డబ్బా కుళాయి పూర్తిగా బిగించలేదు. పెద్దాయన దాని పక్కనే గోడకు చేరబడి, కునుకు తీస్తున్నట్టు ఉన్నారు. లోపలికి దూకబోయిన పిల్ల రెక్క పట్టుకుని వద్దమ్మ వెనక్కి లాగింది. తలుపు బార్లా తెరిచి, గాలి సిలిండర్లు తగిలించుకున్న సిబ్బంది వచ్చేదాకా ఆ రెక్క వదల్లేదు. ఆయన్ని బయటికి తెచ్చారు. డాక్టరు నాడి పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు.

ఏడుపు రావలసిన చోట ఆవిడకి కోపమొచ్చింది. లేచి కూర్చోండి సార్, మిమ్మల్ని కడుపారా తిట్టాలి, అనుకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

గది ఖాళీ అయ్యాక లోపలికి వెళ్లింది. అలారం తీగ గోడ మీంచి వేలాడుతోంది. ఒక సాకెట్టులో కెటిల్ ఉంది. రెండోదాంట్లో ఇంకేదో తీగ ఉంది. మూడు పెట్టించాల్సింది, అనుకుంది ముందు. మూడు పెట్టిస్తే నాలుగోది కావాలనేవారు, అనుకుంది తరువాత. రెండూ నిజమే.

ఆ తీగ చివర, అరమీద, పెద్దాయన సెల్‌ఫోను బోర్లించి ఉంది. చార్జింగు ఎప్పుడో నిండిపోయినట్టుంది, ముట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.