బాతు నడక

రక్తం సీసాల పెట్టె పట్టుకుని వార్డు నుంచి ల్యాబుకి చేరాలంటే మామూలు మనిషికి ఆరు నిమిషాలు. బాతుకి మూడు. అదీ పరిగెత్తకుండా. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ పేరు అన్నయ్య పెట్టింది. వేగనడక పోటీల్లో మోకాలు వంచకుండా నడుము తిప్పుకుంటూ ఆమె పోతుంటే ఊరంతా పడీపడీ నవ్వింది. పతకాలు వచ్చాక ఆ ఊరే "మా బాతు" అంటూ చప్పట్లు కొట్టింది. ఆ పోటీలో ఏదో ఒక పాదం ఎప్పుడూ నేల మీద ఉండాలి. లేకపోతే జడ్జీలు ఎర్ర అట్ట చూపిస్తారు. మూడైతే ఇంటికే. జాతీయ జట్టు ఎంపిక నాడు, అప్పటికే రెండు అట్టలు పడి, ఇంకో రెండు వందల గజాలే ఉన్నాయనగా, ముగింపు గీత దగ్గర నాన్న కనిపించాడు. సంతోషం పట్టలేక రెండు కాళ్ళూ గాల్లోకి లేచాయి. మరుసటి ఏడు మడమ మొరాయించింది. దాంతో సరి.

ఇప్పుడీ ఆసుపత్రి ఉద్యోగం. మూడు నెలలు చూసి ఖాయం చేస్తారు. తుడిచిన నేల మీద ఎవరూ పరిగెత్తకూడదని రూలు.

"ఏమ్మా, నీ గడువు రేపటితో సరి. పరిగెడుతున్నావని అందరూ చెబుతున్నారు. ఏం రాయమంటావు?" అని హెడ్ నర్సమ్మ నిలదీసింది.

"నడుస్తున్నానండీ."

"నా చెవిలో పువ్వులు పెట్టకు."

"అయితే మీరే చూడండి మేడమ్."

నర్సమ్మది భారీ శరీరం, అంతకు మించిన పట్టుదల. కారిడార్ చివర బకెట్టు పక్కన చతికిలబడి, కళ్ళజోడు తుడుచుకుని, చెంప నేలకి ఆనించినంత పని చేసింది.

"ఏం పడిపోయిందమ్మా?" అన్నాడు స్ట్రెచర్ తోసే వార్డుబాయ్.

"నా పరువు. నువ్వు అవతలికి నడు!"

బాతు పెట్టెను గుండెలకి హత్తుకుని బయల్దేరింది. మడమ, వేళ్ళు, మడమ, వేళ్ళు. సగం దారిలో నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే మళ్ళీ గాల్లోకి లేస్తానేమోనని పెదవి కొరుక్కుంది.

"ఇంకోసారి," అంది నర్సమ్మ. అలా మూడుసార్లు తిప్పించింది. చివరికి గోడ పట్టుకుని లేచి, ఆయాసపడుతూ అంది: "ఓసి నీ దుంపతెగ! ఏదో ఒక కాలు నేల మీదే ఉంటోందే!"

బాతు నిలబడిపోయింది. పోటీల్లో నడిచినన్నాళ్ళూ ఈ ముక్క చెప్పిన జడ్జి ఒక్కడూ లేడు.

"ఆ మాట కాగితం మీద రాసిస్తారా మేడమ్?"

"రాస్తా, సంతకమూ పెడతా. ముందు నన్ను ఆ కుర్చీ దాకా నడిపించు. నీలా కాదు తల్లీ, మనుషుల్లా."