మామూలు మసాలా

నాకు ఎక్కువ సామాను చూస్తే ఒళ్ళు మంట. ఏళ్ళ తరబడి ఉండటానికి వెళ్ళినా సరే, మూడు బ్యాగుల్లో పట్టనిది మనకు అక్కర్లేదని నా వాదన. మా ఆయన నాగేంద్రబాబు గల్ఫ్‌లో ఏసీ మెకానిక్కు. ఆరేళ్ళకు మాకు ఫ్యామిలీ వీసా దొరికింది. నన్నూ, ఏడేళ్ళ భవానినీ తీసుకెళ్ళడానికి పది రోజుల సెలవు మీద వచ్చారు. పిల్లకు అప్పటిదాకా నాన్నంటే ఫోనులో కనబడే మొహం. ముగ్గురం ఒకే ఇంట్లో ఉంటామంటే నేను కట్టుబట్టలతో వెళ్ళడానికైనా సిద్ధమే.

పక్కింటి కొండయ్య మావయ్య రొయ్యలు తూచే కాటా తెచ్చి దూలానికి వేలాడదీశారు. ప్రతి బ్యాగునూ దానికి తగిలించి చూశాను. పట్టుచీరలు తీసేశాను. పెళ్ళి ఆల్బమ్ తీసేశాను. భవాని బొమ్మ తీసేస్తే అది గంటసేపు ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చింది అనుకున్నాను.

మా మలికిపురం వైపు ఒకరు గల్ఫ్ వెళ్తున్నారంటే, అక్కడున్న అందరి పిల్లలకూ పొట్లాలు మోయాల్సిందే. సావిత్రి పిన్నిగారు సున్నుండలు పట్టుకొచ్చారు.

"మా అయ్యప్పకి రెండే డబ్బాలమ్మా. ఏపాటి బరువుంటాయి?"

"వద్దండీ పిన్నిగారూ. ఎవరి పొట్లంలో ఏముందో నాకేం తెలుసండీ? రేపు ఎయిర్‌పోర్టులో పట్టుకుంటే ఏం చెప్పుకోవాలి?"

ఆవిడ మొహం చిన్నబోయింది. నాకు జాలి కలగలేదు.

ఆ సాయంత్రం ఆయన బ్యాగుల ముందు కూర్చుని చెప్పారు. "గసగసాలు మాత్రం పెట్టకే. అక్కడ మత్తుమందు కింద లెక్క. గింజ దొరికినా లోపలేసేస్తారు."

"ఆయ్" అన్నాను. వంట సామానులోంచి గసగసాల పొట్లం తీసి మా అత్తగారు రత్నం చేతిలో పెట్టాను.

ఆయన చెయ్యి మసాలా సీసా మీద పడింది. "ఇందులో ఏమేసేవు?"

"ఏముంటాయండీ? మామూలువే."

నేను అబద్ధమాడలేదు. మసాలా అంటే నా బుర్రలో ఒకటే వస్తువు. అందులో ఏమేమున్నాయో నా చేతులకు తెలుసు, నేను ఎప్పుడూ విడదీసి ఆలోచించింది లేదు. ఆరేళ్ళుగా మెస్సు తిండి తింటున్న మనిషికి మొదటి రోజే కోడికూర వండిపెట్టాలని, ఆయన రాకముందే వేయించి మిక్సీ పట్టి పెట్టుకున్నాను.

మా అత్తగారు రోట్లో నూరితే గసగసాలు వెన్నలా నలుగుతాయి. మిక్సీలో పొడిగా తిప్పితే నలగవు. గల్ఫ్‌లో దిగాక ఎయిర్‌పోర్టులో ఆఫీసరు ఆ పొడిని నల్లటి ట్రేలో పోసి వేలితో పరిచాడు. తెల్లటి గింజలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

మూడు బ్యాగుల చీటీలూ ఆయన బోర్డింగ్ పాసుకే అంటించి ఉన్నాయి. ఇది ఎవరిదని హిందీలో అడిగారు. నేను నోరు తెరిచేలోగా ఆయన "నాదే" అన్నారు.

"ఏవండీ, అది నేను..."

"నోర్ముయ్యి. ఇద్దరం లోపలుంటే పిల్ల ఎక్కడుంటుందే?"

పెళ్ళయ్యాక ఆయన నన్ను అంత మాట అనడం అదే మొదలు. వాచీ, పర్సు, బెల్టు తీసి నా చేతిలో పెట్టారు. ఆయన్ని తీసుకెళ్ళే చోటికి ఏమీ తేనివ్వరట. భవాని వెనకాలే పరిగెత్తబోతే రెక్క పట్టుకుని ఆపాను.

మూడో రోజున మమ్మల్ని తిప్పి పంపేశారు. ఆయన కంపెనీలో పనిచేసే తెలుగాయన విమానం దాకా వచ్చి చెప్పాడు. "ఆ మసాలా తనే చేసుకున్నానని రాసిచ్చేరమ్మా. శిక్ష పడితే ఏళ్ళే. మీరు మాత్రం ఎక్కడా మాట మార్చకండి. ఇంట్లో కూడా."

ఇంటికి వచ్చాక సావిత్రి పిన్నిగారు చూడ్డానికి వచ్చారు. నన్ను దెప్పుతారనుకున్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నా డబ్బాలు తీసుకెళ్ళకపోవడమే మంచిదయిందమ్మా. మా వాడి పేరు కూడా వచ్చేది" అన్నారు. దెప్పినా బాగుండేది.

ఆవిడ వెళ్ళాక అత్తగారు వంటింట్లోకి వెళ్ళి, ఆ రోజు నేనిచ్చిన గసగసాల పొట్లం తెచ్చి నా ముందు పెట్టారు. మూతి విప్పి ఉంది. సగమే ఉంది.

"వాడికి మంచినీళ్ళు కాచుకోడం కూడా రాదే. మసాలా చేసుకున్నాడంటే వాళ్ళు నమ్మేరేమో. కన్నదాన్ని, నేనెలా నమ్మనే?"

భవాని గుమ్మంలో నిలబడి నా మొహంలోకే చూస్తోంది.

"చెప్పవే. ఏమేసేవు అందులో?"

"మామూలువేనండీ" అన్నాను.