నిండా చార్జి పెట్టాను

"ఇవాళ భోజనానికి రానని మా అమ్మకి చెప్పు."

మా ఆయన ఆ మాట అన్నది వాళ్ళమ్మకి నాలుగడుగుల దూరంలో నిలబడి. ఆవిడకి వినపడింది కూడా. అయినా నా వైపే తిరిగి, "ముందే చెప్పి ఏడిస్తే కూర తక్కువ తరిగేదాన్ని కదా అని అడుగు వాణ్ణి" అంది. చేతులకి సబ్బు నురగతో గిన్నెల ముందు నుంచి వెనక్కి తిరిగి, అడిగాను. పెళ్ళయి పదకొండేళ్ళు. ఆ ఇంట్లో ఎవరి మాట ఎవరికి చేరాలన్నా నా మీదుగానే పోవాలి. అన్నవాళ్ళ మీద పడాల్సిన విసుగు మోసుకొచ్చినదాని మీద పడుతుంది.

ఆఫీసులో నేను పెట్టుకున్న పనీ ఇలాంటిదే. వరదల్లో టవర్లు కూలిపోయినప్పుడు రక్షణ దళం వాళ్ళు పట్టుకు తిరిగే చిన్న రేడియోలు మావి. ఒకరి రేడియో నుంచి పక్కవాళ్ళ రేడియోకి, అక్కణ్ణుంచి ఇంకొకరికి సందేశం చేతులు మారుతూ పోతుంది. మనుషులు కదులుతుంటారు కనక దారి ఎప్పటికప్పుడు మారుతుండాలి. రేడియో లోపలి ప్రోగ్రాములో ఆ దారి ఎంచేది పై పొర. బ్యాటరీ, సిగ్నలు చూసుకునేది కింది పొర. ఆ రెండింటికీ మాటల్లేవు. దాంతో పై పొర ఎప్పుడూ దగ్గరి దారే పట్టేది, అంటే మధ్యనున్న రేడియో మీదుగా. దాని ఓపిక అయిపోతోందని పైదానికి తెలిసేది కాదు. అది చచ్చాక తెలిసేది, అప్పటికి నెట్‌వర్కు రెండు ముక్కలు. నేను రెండేళ్ళు కూర్చుని చేసింది ఒకటే. కింది పొర తన సంగతి పైకి చెప్పుకునేలా, పైది ఆ మాట విని దారి మార్చేలా చేశాను.

ఆవేళ దాన్ని దళం మైదానంలో చూపించాలి. వాళ్ళు ఒప్పుకుంటే వచ్చే వానలకి ఆ రేడియోలు నీళ్ళలోకి దిగుతాయి. పన్నెండు రేడియోలకీ ముందురోజే నిండా చార్జి పెట్టాను. తీరా అక్కడికి వెళ్ళాక మా పెద్దసారు, "వివరించడం నేను చూసుకుంటానమ్మా. నీ గొంతు వెనక వరసకి వినపడదు. నువ్వు మధ్యలో ఓ రేడియో పట్టుకుని నిలబడు. నడిచే బాధ కూడా ఉండదు" అన్నారు, నా మీద దయ చూపిస్తున్నట్టు.

ఎండలో నిలబడ్డాను. మిగతా పదకొండు మంది తలా ఓ రేడియోతో చుట్టూ తిరుగుతున్నారు. నలభై నిమిషాలకి నా చేతిలో రేడియో వేడెక్కి ఆరిపోయింది. దళం అధికారులు కూర్చున్న షెడ్డులో, రేడియోల మీదుగా వస్తున్న వీడియో తెర మీద ఆగిపోయింది.

"చార్జి పెట్టలేదా?" అన్నారు సారు, అందరూ వింటుండగా.

"పెట్టాను సార్."

"మరిచిపోయి ఉంటావులే. ఇల్లూ వంటా, మీ బుర్రలో ఎన్నని పడతాయి." ఎవరో నవ్వారు.

రేడియోని కంప్యూటరుకి తగిలించి చూస్తే లోపల అంతా రాసే ఉంది. ఉదయం తొమ్మిదీ పదికి బ్యాటరీ సమాచారం పంపడం ఆపేశారు. ఆపింది సారు లాగిన్‌తో. పక్కకి పిలిచి చూపించాను. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

"ఆ చిల్లర కబుర్లతో తెర మీద వీడియో నత్తలా నడుస్తోంది, ఆపాను. ఇప్పుడు దాన్ని తవ్వకు. చార్జి పెట్టకపోవడం వల్ల అని రిపోర్టు రాయించాను, కింద సంతకం పెట్టు. నీ ఉద్యోగం పొడిగింపు కాయితం మీద సాయంత్రం నేనూ పెడతాను."

అప్పుడే మా ఆయన ఫోను, నీలం చొక్కా ఎక్కడ పెట్టావని. నా గొంతు విని ఏమైందన్నాడు. చెప్పాను.

"దానికింత రాద్ధాంతం ఎందుకు? నాదే తప్పని ఓ ముక్క అనేస్తే పోతుంది. మా అమ్మ దగ్గర రోజూ అనడం లేదూ?"

నిజమే, అంటున్నాను. ఉప్పు ఎక్కువైనా, పాలు విరిగినా, ఆయన ఆలస్యంగా లేచినా నాదే తప్పు. అనీ అనీ నోటికి అలవాటైపోయింది, వాళ్ళ చెవులకి మరీను. కానీ ఈ కాయితం మీద అంటే, రేపు దళం వాళ్ళు ఆ సమాచారం ఆపి ఉన్న రేడియోలతోనే పడవలెక్కుతారు. నడి నీళ్ళలో ఎవడి కేకో సగంలో ఆరిపోతుంది. దానికి కూడా నా సంతకమే ఉంటుంది. ఫోను పెట్టేశాను.

రిపోర్టు తీసుకుని, సారు రాయించిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. కింద రాశాను: "నిండా చార్జి పెట్టాను. బ్యాటరీ సమాచారం ఉదయం తొమ్మిదీ పదికి పెద్దసారు లాగిన్‌తో ఆగింది. అది లేకుండా ఈ రేడియోలు నీళ్ళలోకి దింపకండి." సంతకం పెట్టి, సారు చాచిన చేతిని దాటుకుని వెళ్ళి దళం అధికారికి ఇచ్చాను.

ఆయన రెండుసార్లు చదివాడు.

"ఇది ఎవరు చేశారమ్మా?"

"నేనే రాశానండీ."

"కాయితం సంగతి కాదు. ఈ బ్యాటరీ చూసి దారి మార్చే పద్ధతి."

పెద్దసారు గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపు, వెనక వరస దాకా వినపడేంత గట్టిగా అన్నాను.

"అదీ నేనే."