భీమన్న మీట

భీమన్నను పాటలోంచి తీసెయ్యమని అబూబకర్‌కి చెప్పింది నేనే. ముందే ఒప్పుకుంటున్నాను.

అది 2008. నేను ఒమాన్‌లో, ఘుబ్రా అనే పేటలో ఏసీ మెకానిక్‌ని. కడపలో ఉండగా ఉరుసుల్లో ఢోలక్ వాయించేవాణ్ణి. మా రూమ్‌లోనే ఉండే భీమన్నది రాజమండ్రి. ఒకప్పుడు పెళ్లి ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాడు, ఇప్పుడు ప్రింటింగ్ ప్రెస్‌లో డ్యూటీ. రెండేళ్లుగా శుక్రవారాలు ఇద్దరం కలిసి వాయిస్తున్నాం. రెండేళ్లుగా అతన్ని ఒకటే దెప్పుతున్నాను, వెనకబడుతున్నావని. నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

అబూబకర్ ఒమానీ, పెద్దలు జాంజిబార్ నుంచి తిరిగొచ్చినవాళ్లు. మత్రా బజారులో అతని కొట్టు వెనక గదిలో ఏసీ బాగుచెయ్యబోయి, అతని రెగే పాటల పిచ్చి నేనూ అంటించుకున్నాను. అతను చేసేది డబ్, రెగేలో అదొక పద్ధతి. వాయించినవాళ్ల పని అయిపోయాక అతని పని మొదలవుతుంది. సౌండ్ మిక్సర్ మీద ఒక్కో వాద్యానికి ఒక్కో మీట. కిందకి లాగితే ఆ వాద్యం మాయం. ఇంకోచోట ఒక్క దెబ్బను పట్టుకుని గదంతా మోగిస్తాడు. మనం వాయించిందే మనకి కొత్తగా వినిపిస్తుంది. అదెలాగో తెలుసుకునేదాకా నాకు మరేదీ తోచేది కాదు.

చెవుల్లో డ్రమ్ యంత్రం లయ పెట్టి, మా ఇద్దరి చేతా ఒక పాట వాయింపించాడు. సీడీలో వేస్తానన్నాడు. నా పేరు అచ్చులో పడే అవకాశం అదొక్కటే. భీమన్న ఎక్కడ చెడగొడతాడోనని, అతను లేనప్పుడు చెప్పేశాను, వేరేవాణ్ణి చూసుకోమని.

మరుసటి శుక్రవారం మధ్యాహ్నం వెళ్తే అబూబకర్ తన కుర్చీ నాకిచ్చాడు. భీమన్న గుమ్మం దగ్గర సులేమానీ చాయ్ తాగుతున్నాడు.

"నువ్వే తీసెయ్ ఫజల్ భాయ్. ఇదిగో భీమన్న మీట," అన్నాడు అబూబకర్ హిందీలో.

అతని ఎదుటే అనేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. అయినా వేలు ఊరుకోలేదు. లాగాను.

బేస్ పోయింది. యంత్రం, నా ఢోలక్ మిగిలాయి. మొదటి చరణం బాగానే ఉంది. రెండోదానికి నేను యంత్రం కంటే ముందున్నాను. మూడోదానికి, గంధం ఊరేగింపు దర్గా గుమ్మం చేరినట్టు పరిగెడుతున్నాను. అక్కడ వేగం పెంచకపోతే జనం ఊరుకోరు. ఆ అలవాటు నాతోపాటు విమానమెక్కిందని నాకు తెలీదు.

బేస్ పైకి తోసి, నాది లాగేశాను. యంత్రమూ భీమన్నా అడుగు తేడా లేకుండా నడుస్తున్నారు. రెండూ పెంచాను. నేను దాటిపోయిన ప్రతిచోటా అతను ఒక స్వరాన్ని సాగదీసి నన్ను కలుపుకుంటున్నాడు. పాట ఆపేసి భీమన్న వైపు తిరిగాను.

"నీకు ముందే తెల్సా?"

"రెండేళ్లనుంచీ తెల్సు," అన్నాడు భీమన్న.

"మరి ఎందుకు చెప్పలేదబ్బా?"

"చెప్తే ఇంటావా నువ్వు? నన్ను తీసెయ్యమన్నావని అబూబకర్ చెప్పాడు. ఆ మీటేదో ఫజల్ చేతికే ఇయ్యి, ఆడే ఇంటాడన్నాను."

"మాఫ్ చెయ్యి భీమన్నా. తప్పు నాదే," అన్నాను.

మళ్లీ వాయిస్తారా అని అడిగాడు అబూబకర్. భీమన్న గ్లాసు కిందపెట్టి గిటార్ అందుకున్నాడు. నేను ఢోలక్ ఒళ్లోకి లాక్కున్నాను. ఎప్పుడూ మొదలుపెట్టేది నేనే కాబట్టి అతను నావైపు చూశాడు.

"నువ్వు మొదలుపెట్టు," అని, నేను చెయ్యి ఎత్తకుండా కూర్చున్నాను.