గోడ పక్క ఎలుకలు

ముప్పై ఏళ్లుగా ఆవిడ పని ఎలుకల తోకలు చూడడం. నవ్వాలనిపిస్తే నవ్వండి, ఆవిడ మొగుడూ నవ్వుతాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పే ఆ పెద్దమనిషి, "మా ఆవిడ తోక పట్టుకుంటే రోగం చెప్పేస్తుందండీ" అని నలుగురిలో పరిచయం చేస్తాడు. పరిశోధనాలయంలో కుర్రకారు ఆవిడకి చాటుగా పెట్టుకున్న పేరు తోకల డాక్టరమ్మ. చాటు అని వాళ్లనుకోవడమే, ఆవిడకి ఎప్పుడో తెలుసు. పేరు బాగానే ఉందనుకుని ఊరుకుంది.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అని ఒక జబ్బుంది. మన ఒంట్లో తెల్లకణాల ఉద్యోగం బయటి నుంచి వచ్చే క్రిముల్ని పట్టి చంపడం. ఈ జబ్బులో వాటికి మతి పోతుంది. కాపలావాడు ఇంటివాళ్లనే దొంగలనుకుని కర్ర ఎత్తినట్టు, మెదడులోనూ వెన్నుపాములోనూ నరాల మీదుండే తొడుగుని పీకి పారేస్తాయి. కరెంటు తీగ మీద ప్లాస్టిక్ ఊడితే ఏమవుతుంది? అదే అవుతుంది. ఒకరికి చూపు మసకేస్తుంది, ఒకరికి కాలు మొద్దుబారుతుంది, ఒకరు పట్టపగలు కుర్చీలోంచి లేవలేనంత అలిసిపోతారు. పక్కవాళ్లేమో బద్ధకం అంటారు.

అలాంటి జబ్బుని ఎలుకల్లో తెప్పించి చూస్తారు. మొదట పోయేది తోకలో సత్తువ. బాగున్న ఎలుకని తోక మొదట్లో పట్టి ఎత్తితే కొసని మన వేలికి చుట్టేస్తుంది. జబ్బు మొదలైతే తోక తడిసిన దారంలా వేలాడుతుంది. ఆ తర్వాత వెనక కాళ్లు. ఏమీ లేకపోతే సున్నా, తోక వాలితే ఒకటి, వెనక కాళ్లు తడబడితే రెండు, పూర్తిగా పడిపోతే మూడు, అలా ప్రాణం పోతే అయిదు. డాక్టరమ్మ బతుకంతా ఈ సున్నాకీ అయిదుకీ మధ్యనే గడిచింది.

యాభై ఎనిమిదో ఏట ఆ కష్టం ఫలించింది. మతిపోయిన తెల్లకణాలని మాత్రమే పట్టి నిద్రపుచ్చే మందు ఒకటి తయారైంది. వట్టి ఉప్పునీళ్లు ఎక్కించిన ఎలుకలు మూడు దాకా దిగజారితే, మందు ఎక్కించినవి ఒకటి దగ్గరే నిలబడిపోయాయి. ఒకసారి కాదు, మూడేళ్లలో ఆరుసార్లు. పెద్ద పత్రిక వాళ్లు ఆ వ్యాసం వేసుకుంటామని ఉత్తరం పంపారు. ఇంకో మూడు వారాల్లో అచ్చు.

ఆ ఉత్తరం పట్టుకుని ఆవిడ మొదట వెళ్లింది డైరెక్టరు గదికి కాదు, ఎలుకల గదికి. అక్కడ పెద్దక్క ఉంటుంది. పెట్టెలు కడగడం, చెక్కపొట్టు మార్చడం, కాళ్లు పడిపోయిన ఎలుకలకి మేత తడిపి నోటి దగ్గర పెట్టడం పెద్దక్క పని. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఒకరి పేరు వెనక డిగ్రీలు పెరిగాయి, ఇంకొకరికి మోకాళ్ల నొప్పులు పెరిగాయి. గౌరవాలు ఎలా పంచుతారో మీకు తెలియంది కాదు.

"పెద్దక్కా, మన మందు గురించి అచ్చు వేస్తున్నారే!"

"అబ్బ! ఎంత చల్లటి మాట చెప్పారు డాక్టరమ్మా!" పెద్దక్క రబ్బరు తొడుగులు ఊడదీసి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. "మన ఎలుకలు ఊరికే పోలేదన్నమాట. మరి ఆ గోడ సంగతి కూడా రాశారా?"

"ఏ గోడ?"

"ఈ గోడే. మందు ఎలుకల్ని దీని పక్క అరలోనే కదా పెట్టిస్తారు. ఇటున్నవి ఎప్పుడూ బెదురుగానే ఉంటాయి. గూడు కూడా గోడ వైపు కట్టుకోవు, చూడండి, చెక్కపొట్టంతా ఈ కొసకి లాక్కుంటాయి."

డాక్టరమ్మ చూసింది. పన్నెండు పెట్టెలు. పన్నెండింట్లోనూ గూడు గోడకి దూరంగా ఉంది. అవతలి తలుపు పక్క అరలో చూస్తే దేనిష్టం వచ్చినట్టు అది, మూలకొకటి, మధ్యకొకటి కట్టుకున్నాయి.

ఆవిడ అరచెయ్యి గోడ పక్క అర మీద ఆనించింది. సన్నగా వణుకుతోంది. గోడకి అవతల పెట్టెలు కడిగే పెద్ద మిషను తిరుగుతోంది.

"ఎప్పటి నుంచి ఇలా?"

"పాత మిషను తీసేసి ఇది పెట్టారు చూడండి, అప్పటి నుంచీ. నాలుగేళ్లయింది."

"మరి నాకు చెప్పాలి కదా అక్కా!"

"స్టోర్సు సారుకి రెండుసార్లు చెప్పాను. మిషను బాగానే పని చేస్తోంది కదా అన్నాడు. మీరెప్పుడైనా నన్ను అడిగారా ఎలుకలు ఎలా ఉన్నాయని? ఎన్ని ఉన్నాయనే అడుగుతారు."

డాక్టరమ్మ అర మీద నుంచి చెయ్యి తీసింది.

మందు పెట్టెల్ని గోడ పక్కే పెట్టాలన్న నియమం ఎవరిదనుకున్నారు? ఆవిడదే. వెనకటికి ఒక విద్యార్థి సూదులు తారుమారు చేసి మందు బదులు ఉప్పునీళ్లు ఎక్కించాడు. అప్పుడు ఆవిడ గట్టిగా చెప్పింది: మందు గోడ వైపు, నీళ్లు తలుపు వైపు, ఇంక ఎవడూ పొరబడడానికి వీల్లేదు. తోకలు చూసి మార్కులేసే మనిషికి ఏది ఏ ఎలుకో తెలియకుండా పెట్టెలు కలిపేసి పక్క గదికి పంపడం కూడా ఆవిడ పెట్టిన పద్ధతే. కళ్లకి గంతలు బాగానే కట్టింది. పెట్టెలు మిగతా రోజంతా ఎక్కడ కాపురం ఉంటున్నాయో చూడలేదు.

రోజూ ఆరుగంటలు వణికే అర మీద బతికే ఎలుక భయంతో బతుకుతుంది. భయపడిన ఒంట్లో ఒక హార్మోను ఊరుతుంది. అది తెల్లకణాల జోరు తగ్గిస్తుంది. జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టిన రోగులకి ఆసుపత్రిలో ఎక్కించే స్టెరాయిడు దానికి చుట్టమే. అంటే ఆ ఎలుకల్ని మందు కాపాడిందా, భయం కాపాడిందా?

ఆ సాయంత్రం పరిశోధక విద్యార్థినిని పిలిచి విషయం చెప్పింది. ఈ అమ్మాయి ఆ వ్యాసానికి మూడేళ్లు ధారపోసింది. డాక్టరేటు దాని మీదే ఆధారపడి ఉంది.

"మేడమ్, మిషను చప్పుడుకే ఇంత తేడా వస్తుందా? మన మందు నిజంగానే పనిచేస్తోందేమో!"

"చేస్తోందేమో. నాకా 'ఏమో' అక్కర్లేదమ్మా."

"అచ్చయ్యాక మళ్లీ చేసి చూద్దాం మేడమ్. తేడా వస్తే అప్పుడు సవరణ వేద్దాం. అందరూ అలాగే చేస్తారు."

డైరెక్టరూ ఆ మాటే అన్నాడు, ఇంకాస్త తియ్యగా. "ఎవరో ఆయా చెప్పిందని ఇంత పని ఆపుకుంటామా? మీ హోదా ఏంటి, ఆవిడ హోదా ఏంటి?"

"సార్, గోడ వణుకుతోంది. దానికి నా హోదా తెలీదు" అని లేచి వచ్చేసింది.

అంత ధైర్యంగా మాట్లాడింది కదా, ఇంటికొచ్చి కూరగాయలు తరుగుతున్న మొగుడి పక్కన స్టూలు మీద కూలబడింది.

"ఈ మందు మీద ఎనిమిదేళ్లండీ. గాల్లో కలిసిపోతుందేమో."

ఆయన కత్తి పక్కన పెట్టాడు. "మా పిల్లలు చివర్లో జవాబు కరెక్టుగా వేసి మధ్యలో ఒక మెట్టు ఎగరగొడతారు. అప్పుడు నేనేం చేస్తాను?"

"మార్కులు కోస్తారు, రాక్షసుడిలాగా."

"జవాబు కొట్టెయ్యను కదా. మళ్లీ చేసి చూపించరా అంటాను. వాళ్లు ఏడుస్తూ చేస్తారు. నువ్వు ఏడవకుండా చెయ్యి, ఉల్లిపాయలు నేను తరుగుతాలే."

ఆవిడకి నవ్వొచ్చింది. అయినా ఆవిడ మనసులో తిరుగుతున్నది మార్కులు కాదు. ప్రతి బుధవారం నరాల వార్డుకి వెళ్లి రోగుల రక్తం తీసుకొస్తుంది. అక్కడ ఒక దర్జీ అమ్మాయి ఉంది, ముప్పై నిండలేదు. సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని వచ్చింది. చెయ్యి చాచినప్పుడల్లా, "ఎలుకలు ఎలా ఉన్నాయి డాక్టర్ గారూ? నాకన్నా ముందు బాగుపడతాయా ఏంటి?" అని ఆటపట్టిస్తుంది. రేపు మనుషుల మీద పరీక్ష మొదలైతే ఎంత మోతాదు ఎక్కించాలో ఈ అంకె చూసే లెక్కగడతారు. వణికే గోడ ఇచ్చిన అంకె చూసి ఆ పిల్ల చేతికి సూది గుచ్చుతారా?

మర్నాడు పొద్దున్నే పత్రికకి రాసేసింది: ఆపండి, మా పద్ధతిలో తప్పు కనిపించింది, మళ్లీ చేసి పంపుతాం. వింతేమిటంటే ఆ రోజు అన్నం కూడా ఎక్కువ తింది.

ఈసారి ప్రయోగం ఎలా చెయ్యాలో తేల్చడానికి సమావేశం పెట్టి పెద్దక్కని కూడా రమ్మంది. పెద్దక్క తలుపు దగ్గరే నిలబడిపోతే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది.

"నేనేం మాట్లాడతాను డాక్టరమ్మా, మీ ఇంగ్లీషులో?"

"ఎలుకలకి ఇంగ్లీషు వచ్చా? వాటి తరఫున మాట్లాడు."

విద్యార్థిని మొహం ఇంకా ముడుచుకునే ఉంది. అయినా కాగితం మీద నాలుగు గళ్లు గీసింది. గోడ వైపు మందు, గోడ వైపు నీళ్లు, తలుపు వైపు మందు, తలుపు వైపు నీళ్లు. పెద్దక్క ఆ గళ్ల వైపు కాసేపు చూసింది.

"సూదులు మళ్లీ తారుమారు అవుతాయని భయమా? పెట్టెలకీ సూదులకీ ఒకే రంగు చీటీలు అంటించండి. ఏ రంగు ఏదో నాకొక్కదానికే తెలుస్తుంది. చచ్చినా చెప్పను."

"మాకు కూడానా ఆంటీ?" అంది విద్యార్థిని.

"ముఖ్యంగా నీకు. నీ మొహం చూస్తే ఎలుకలకి కూడా తెలిసిపోతుంది నీకేం కావాలో."

ఆ పిల్ల ఉక్రోషంగా చూసి, ఆపుకోలేక నవ్వేసింది. వారం తర్వాత అందరూ నవ్విన మొదటిసారి అదే.

నలభై ఎనిమిది ఎలుకలు, నెల రోజులు. అయ్యాక మళ్లీ నలభై ఎనిమిది, మళ్లీ నెల. డాక్టరమ్మ రోజూ పదింటికి పక్క గదిలో కూర్చునేది. పెట్టె వచ్చేది, తోక పట్టేది, అంకె చెప్పేది, పెట్టె వెళ్లేది. పదమూడో రోజుకి తోకలు వాలడం మొదలైంది. కొన్ని మూడుకి జారాయి, కొన్ని ఒకటి దగ్గర ఆగాయి. ఏవి ఏవో తెలియదు. ఒక్కో తోక వేలికి చుట్టుకున్నప్పుడు, ఇది మందుదై ఉండాలి దేవుడా అని అనుకోకుండా ఉండడం ఎంత కష్టమో! అనుకునేది, వెంటనే తిట్టుకునేది.

రెండో విడత అయిన రోజు మధ్యాహ్నం ముగ్గురూ టేబులు చుట్టూ కూర్చున్నారు. పెద్దక్క జేబులోంచి మడతపెట్టిన చీటీ తీసి పరిచింది. విద్యార్థిని అంకెలు కలిపింది. ఒకసారి తప్పు కొట్టి మళ్లీ కొట్టింది.

"తలుపు వైపు నీళ్లు... మూడు పాయింట్ ఒకటి." "గోడ వైపు నీళ్లు, రెండు. మేడమ్, మందే లేకుండా రెండు!"

"గోడ ఒక మెట్టు దింపేసిందన్నమాట" అంది డాక్టరమ్మ. "గోడ వైపు మందు?"

"ఒకటి పాయింట్ రెండు. మన పాత అంకే."

"ఇక తలుపు వైపు మందు చెప్పు."

ఆ పిల్ల రెండుసార్లు చూసుకుంది. "రెండు పాయింట్ రెండు."

మూడు నుంచి ఒకటికి దించిందని ప్రపంచానికి చెప్పబోయిన మందు, మూడు నుంచి రెండుకి దించింది. మిగతాది గోడది. లెక్క ఎటు తిప్పినా అంతే వచ్చింది. రెండు విడతల్లోనూ అంతే.

"నాకు ఒక్క ముక్కలో చెప్పండి" అంది పెద్దక్క. "మందు పని చేస్తుందా, చెయ్యదా?"

"చేస్తుందక్కా" అంది డాక్టరమ్మ. నోట్లోంచి మాట బయటికొచ్చాకే ఆవిడకి నమ్మకం కుదిరింది. "మనం అనుకున్నంత కాదు. సగమే. కానీ ఈ సగం మందుదే, ఇంకెవరిదీ కాదు."

"సగమంటే తక్కువా?"

ముప్పై ఏళ్లలో ఎన్ని మందులు తన చేతుల్లోనే సున్నా అయిపోయాయో డాక్టరమ్మ లెక్కపెట్టుకోబోయి మానేసింది. "తక్కువేం కాదు" అంది. ఒళ్లంతా తేలికైపోయి కుర్చీలో వెనక్కి వాలింది.

విద్యార్థిని ముక్కు ఎగబీలుస్తోంది, ఏడుపో నవ్వో తెలియకుండా. "వ్యాసం మొదటి నుంచి మళ్లీ రాయాలి మేడమ్. అంకె చిన్నది, ఆ పెద్ద పత్రిక వేసుకోకపోవచ్చు."

"చిన్న పత్రిక వేసుకుంటుంది. రాసినవాళ్లలో పెద్దక్క పేరు కూడా పెట్టు. కింద థ్యాంకులు చెప్పే చోట కాదు, పైన, మన పేర్ల పక్కన."

"డైరెక్టరు గారు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకపోతే నా పేరు కూడా తీసెయ్యమని చెప్పు. అప్పుడు వ్యాసం ఆయనే రాసుకుంటాడు."

పెద్దక్క గబగబా లేచింది. "నా పేరెందుకమ్మా, ఊరుకోండి. నాకవతల కడగాల్సిన పెట్టెలున్నాయి" అంటూ తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఒకవేళ రాస్తే మాత్రం ఇంటిపేరుతో సహా రాయండి. ఇంట్లో వాళ్లు నమ్మరు."