దుంగ మీద ఇద్దరం

ఆయన పోయాక ఇంట్లో నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వడం లేదు. కోడలు మంచిదే. నేను చీపురు పట్టుకుంటే చాలు, లాక్కుని "మీరు విశ్రాంతి తీసుకోండి అత్తయ్యా" అంటుంది. ఆ విశ్రాంతితోనే ఒళ్లు బరువెక్కింది, మోకాళ్లు బిగుసుకున్నాయి. అందుకే మా ఆడపడుచు వచ్చి, "వదినా, ఊరి చివర అడవిలో ఆదివారాలు పిచ్చిమొక్కలు పీకడానికి మనుషులు కావాలట, వస్తావా?" అంటే, అడిగీ అడగకముందే చెప్పుల్లో కాళ్లు పెట్టాను.

అది పక్షులకూ జింకలకూ వదిలేసిన అడవి. ఎక్కడినుంచో వచ్చిన లాంటానా పొద దాన్నంతా కమ్మేసింది. పూలు ముద్దుగానే ఉంటాయి గానీ, దాని నీడన గడ్డిపరక మొలవదు. నరికితే మళ్లీ చిగురిస్తుంది. వేరుతో సహా రావాల్సిందే.

నేను వంగలేను కనుక, అందరూ పీకినవి మోసి కుప్ప వేసేదాన్ని. ఒక ఆదివారం మోపుతో పాటు బోర్లా పడ్డాను. ఫారెస్టు గార్డు లేపి కూర్చోబెట్టి, నెమ్మదిగానే అన్నాడు.

"ఇక రాకండమ్మా. మీకేమన్నా అయితే మీవాళ్లకి నేనేం చెప్పుకోను?"

కొంగుతో ముఖం తుడుచుకున్నాను. నేనూ ఒకరికి పనికొస్తానని అనిపించే పూట వారంలో అదొక్కటే.

"ఏడుస్తున్నావా వదినా?"

"చెమట."

"కళ్లల్లోంచి చెమట కారడం ఇప్పుడే చూస్తున్నా!"

ఇంతలో వాగు పక్కనుంచి కేకలు వినిపించాయి. ముదురు లాంటానా మొదలు ఒకటి కదలడం లేదు. దాని కింద దుంగ దూర్చి, రాయి ఊతం పెట్టి, అవతలి కొసను నలుగురు నొక్కుతున్నారు.

"బరువు చాలట్లేదు" అన్నాడు మాతో పాటు పనికొచ్చే తాపీమేస్త్రి.

"మా వదినుండగా బరువుకి కరువా?" అంది ఆడపడుచు.

"నువ్వేదో మల్లెమొగ్గవైనట్టు! నువ్వూ రా" అన్నాను.

అందరూ నవ్వారు. గార్డు తటపటాయించాడు. "దుంగ కొస నడుమెత్తున ఉంది కదయ్యా, ఆవిడ వంగక్కర్లేదు" అన్నాడు మేస్త్రి.

ఇద్దరం పక్కపక్కనే దుంగెక్కి కూర్చున్నాం. కింద ఏదో పటపటమంది. మరుక్షణం దుంగ కిందికి జారింది, మేమిద్దరం గడ్డిలో వెల్లకిలా పడ్డాం.

గార్డు పరుగెత్తుకొచ్చాడు. "దెబ్బ తగిలిందా అమ్మా?"

"ముందు వేరొచ్చిందా చెప్పు!"

వచ్చింది. మట్టిపెళ్లలతో సహా, మనిషంత వేరు. గార్డు దాన్ని చూశాడు, నన్ను చూశాడు, తల గోక్కున్నాడు.

"వాగవతల ఇంకో మొదలుందమ్మా. ఆదివారానికి దుంగ కింద ఎండుగడ్డి మందంగా పరిపిస్తాను. మోపులు మోయడం మాత్రం వద్దు."

అతనికి దణ్ణం పెట్టాను. దారిలో ఆడపడుచు చెయ్యి వదల్లేదు. అన్న పోయిన దుఃఖం తనకీ ఉంది. అయినా ముందు నన్ను గడప దాటించింది. ఆ మాట చెప్పబోతే నోరు మూయించింది.

"అవన్నీ తర్వాత. ఈ వారంలో చిక్కిపోయావంటే ఊరుకోను."

ఆ పూట కోడల్ని అడిగి మరీ మారు వడ్డించుకున్నాను.