తగ్గుతాండాది

తొంభై ఎనిమిది. తిప్పేష్ ఇంకో మెట్టెక్కాడు. నూటొకటి. ఇంకో రెండు మెట్లు. నూటనాలుగు. ఆగి పక్కనున్న బండకు ఆనుకున్నాడు.

రాయదుర్గం కొండ మెట్లను పొద్దున ఆరింటికి అతని ఈడువాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటూ ఎక్కుతారు. తిప్పేష్ అంకెలు చదువుకుంటూ ఎక్కుతాడు. కుడిచేతిలో ఫోను, ఎడమ దండచేతికి నల్లటి పట్టీ. పట్టీ లోపలివైపు సగం అగ్గిపెట్టంత బిళ్ళ ఉంటుంది. అది చర్మం మీద పచ్చటి వెలుగు కొడుతూ, లోపల నెత్తురు పారే తీరు పసిగట్టి, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో ఫోనుకు చెబుతుంది. చూసినవాళ్ళు తాయెత్తు అనుకుంటారు. మొన్నొకామె ఏ దర్గాలో కట్టించుకున్నావన్నా, మా ఆయనకూ కట్టించాల అని వెంటపడింది కూడా.

మూడు నెలల కింద గుండెలో స్టెంటు వేసి పంపుతూ డాక్టరు, రోజూ నడువు గానీ ఆయాసపడొద్దు అన్నాడు. "ఆయాసమని ఎట్ల తెలస్తాది సార్?" అని అడిగాడు తిప్పేష్. వెటకారం కాదు. జీన్స్ యూనిట్లో ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆవిరి పెట్టె పట్టుకుని ప్యాంట్లు ఇస్త్రీ చేసేవాడికి ఊపిరికీ ఆయాసానికీ తేడా ఏం తెలుస్తుంది? నిమిషానికి నూటపది దాటనీయకు, అంతే అన్నాడు డాక్టరు.

పట్టీ ఇచ్చింది శశి. అదే యూనిట్లో చెకింగ్ టేబుల్ దగ్గర పనిచేసే పిల్ల. ఆదివారం వస్తే బళ్ళారి బస్సెక్కి పరుగు పందేలకు పోతుంది. తనకు కొత్తది కొనుక్కుని పాతది అతనికిచ్చింది. నూటపది దాటితే ఫోను కూత వేసేట్టు పెట్టింది.

"పైకి పోతేనే అరుస్తాదన్నా. కిందికి పోతే అరవదు" అని కూడా చెప్పింది.

ఆ మొదటి రోజు తిప్పేష్ గంటసేపు ఫోను ముందు కూర్చుండిపోయాడు. ఎనభై రెండు. ఎనభై ఒకటి. ఎనభై మూడు. అది తన గుండె. యాభై ఏడేళ్ళుగా లోపలే ఉంది, ఒక్కసారీ పలకరించిన పాపాన పోలేదు.

"రాత్రి పండుకున్నా కొట్టుకుంటాదా పాపా ఇది?"

"రోజుకి లక్షసార్లన్నా. ఎప్పుడూ నిలబడదు."

లక్షసార్లు. కరెంటు పోతే యూనిట్లో నూట ఇరవై మిషన్లు ఒక్కసారిగా నోరు మూసుకుంటాయి. ఇది మూయదు. దీనికి ఆదివారం లేదు, టీ లేదు, పండగ లేదు. అబ్బ, ఏమి పని, ఎవరు చేయిస్తున్నారు దీనిచేత? ఆ సాయంత్రం ఇంటికి పోయి భార్య మల్లీశ్వరితో, "మనకు తెలీకుండా లోపల ఒగడు పనిచేస్తాండాడే" అన్నాడు. ఆమె చీపురు పక్కన పడేసి అతని జబ్బ మీది బిళ్ళను వేలితో ముట్టి చూసింది. అప్పటి నుంచి రోజూ సాయంత్రం పట్టీని సబ్బుతో ఉతికి దండెం మీద ఆరేసేది ఆమే. చెమట ఆరితే ఉప్పు చారలు కడుతుంది మరి.

తర్వాత కొన్నాళ్ళకు తిప్పేష్ ఒక సంగతి కనిపెట్టాడు. ఓనరు వస్తే అంకె పెరుగుతోంది. ఫోను మోగితే పెరుగుతోంది. మధ్యాహ్నం ఒంటిగంటకు మల్లీశ్వరి క్యారియరు తెచ్చి పక్కన కూర్చుంటే మాత్రం తగ్గుతోంది. ఎనభై ఎనిమిది ఉన్నది ఎనభై అవుతుంది, డెబ్బై నాలుగవుతుంది. ఒకరోజు కాదు, వారం రోజులు చూశాడు. అతనికి దిగులు పట్టుకుంది.

అతని దిగులుకూ లెక్కుంది. ఇస్త్రీ చేసేవాడికి తెలిసిన మీటరు బాయిలరు మీటరు ఒక్కటే. ముల్లు ఎర్రగీత దాటితే ప్రమాదం, కిందికి పడిపోతే ఆవిరి లేదు, పెట్టె చచ్చినట్టే. అదీగాక ఈ సీమలో మంచికి తగ్గింది ఏదైనా ఉందా? వాన తగ్గింది, బోర్లలో నీళ్ళు తగ్గాయి, శెనక్కాయ తగ్గింది. తగ్గడమనేది ఇక్కడ ఒక్క రకంగానే వినిపిస్తుంది.

పోయిన గురువారం, ఆమె మూత తీసి సంగటి ముద్ద పెడుతుండగా, పదిమంది వినేట్టు అనేశాడు. "నువ్వింక లోపలికి రావద్దే. నువ్వొచ్చి కూచుంటే నా గుండె తగ్గిపోతాండాది."

ఒకటంటే పది అనే మల్లీశ్వరి ఆరోజు ఒక్కటీ అనలేదు. మూత పెట్టి, కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి క్యారియరు గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఇచ్చి అటునుంచి అటే పోతోంది. ఇంట్లో అన్నం పెడుతుంది, మాట పెట్టదు. పట్టీ ఉతకడం కూడా మానేసింది. నల్లటి గుడ్డ మీద తెల్లగా ఉప్పు మొలుస్తుంటే తిప్పేష్ దాన్నే కట్టుకుని తిరుగుతున్నాడు.

ఇవాళ్టికి ఐదో రోజు. కొండ దిగి, యూనిట్‌కు వచ్చి, ప్యాంటు కాళ్ళు సరిచేసి పెట్టె వేయడం మొదలుపెట్టాడు. ఓనరు దయతలచి అతని పనిని సగానికి కుదించాడు గానీ చెయ్యి వినదు, మడత దగ్గర బొటనవేలితో ఒకసారి గీస్తేగాని ప్యాంటును వదలదు. పదింటప్పుడు శశి ప్యాంట్ల కట్ట తీసుకుపోవడానికి వచ్చింది.

"నంబరు ఎట్లుండాదన్నా?"

"బాగుండాది. మా ఇంటామెను రావద్దని చెప్పినా. ఇప్పుడు తగ్గడం లేదు."

శశి కట్ట కింద పెట్టింది. "ఆయమ్మొస్తే తగ్గుతాందా?"

"డెబ్బై నాలుక్కి పడిపోతాండె. భయమేసింది."

శశికి నవ్వొచ్చింది. అతని మొహం చూసి ఆపుకుంది. "అది బాయిలరు కాదన్నా. భయమైతే, కోపమొస్తే గుండె పైకి పోతాది. ఊరికే కూచున్నప్పుడు అట్ల దిగితే నిమ్మళంగా ఉండాదని."

"నిమ్మళమా?"

"నిమ్మళమే. ఆయమ్మ పక్కనుంటే నీకు..." అని ఆగి, కట్ట భుజానికెత్తుకుంది. "నాకింకా పెండ్లి కాలేదు. నేనేం చెప్పేది?"

తిప్పేష్ పెట్టెను పక్కకు నిలబెట్టాడు. ముప్పై మూడేళ్ళ కాపురం. ఉప్పెక్కువైందని, చల్లారిపోయిందని, ఆలస్యమైందని, ఆమె వచ్చినప్పుడల్లా కసిరాడే తప్ప రా కూర్చో అన్నది లేదు. నోరు కసురుతున్నంత సేపూ లోపలివాడు ఇంకో పనిలో ఉన్నాడా? ఆమె గాజుల చప్పుడు వినగానే వాడు బరువు దించుకుని కూర్చునేవాడా? ఎన్నేళ్ళుగా? పట్టీ లేని రోజుల్లో కూడానా? తిప్పేష్‌ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిరనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

ఒంటిగంటకు పావు తక్కువకే గేటు దగ్గరికి పోయి ఎండలో నిలబడ్డాడు. ఆమె కోసం అతను ఎదురుచూడడం ఇదే మొదలు. ఎడమ భుజం బరువుగా ఉంది, దవడ లాగుతోంది, చెమట ధారగా కారుతోంది. సిగ్గుకు ఇట్లా కూడా అవుతుందేమో అనుకున్నాడు. ఫోనులో నూటరెండు.

మల్లీశ్వరి సందు మలుపు తిరిగి, అతన్ని చూసి నడక తగ్గించింది.

"లోపలికి రా" అన్నాడు.

"ఎందుకు మామా? తగ్గిపోతాదిలే."

"తగ్గనీ."

"నలుగురిలో అనిపించుకున్న్యా. చాలు."

అతను నోట్లోంచి పోయిన మాటను ఏనాడూ వెనక్కి తీసుకున్నవాడు కాదు. ఎట్లా తీసుకోవాలో కూడా తెలీదు. "నాకు మీటరు చదవను రాలేదు మల్లీ" అన్నాడు. "తగ్గితే మంచిదంట. నువ్వొస్తే నాకు నిమ్మళమంట. శశి చెప్పింది."

ఆమె క్యారియరు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంది. "ముప్పై మూడేండ్లకి మిషను చెప్పల్లా?"

"నాకూ మిషనే చెప్పింది."

యూనిట్ గోడ పక్కన కానుగ చెట్టు కింద కూర్చున్నారు. గుడ్డ ముక్కలు నింపిన మూటకు అతను చేరగిలబడ్డాడు. ఆమె సంగటి, ఆకుపప్పు పెట్టి, ఫోనును క్యారియరు గిన్నెకు ఆనించి నిలబెట్టింది. బడికి పోనిది అయినా అంకెలు వచ్చు. తొంభై ఆరు. చూస్తుండగానే తొంభై ఒకటి. ఎనభై ఆరు. తను వచ్చి కూర్చోవడమనేది అంకెల్లో కనిపిస్తుందని ఎవరనుకుంటారు?

అతను రెండు ముద్దలు తిని చాలన్నాడు. "రోంతసేపు ఒరుగుతా."

భుజం ఆమె భుజానికి తగిలింది. ఆమె చుట్టూ చూసింది గానీ జరగలేదు. డెబ్బై ఎనిమిది. డెబ్బై రెండు.

"తగ్గుతాండాది మామా."

"ఊఁ" అన్నాడు కళ్ళు మూసుకుని.

ఐదు రోజుల మాటలన్నీ మెల్లగా చెప్పడం మొదలుపెట్టింది. కళ్యాణదుర్గం నుంచి కూతురు ఫోను చేసిందని, ట్యాంకరు రెండు రోజులుగా రాలేదని, పక్కింటి మేక కొంగు నమిలిందని. అరవై ఆరు. అరవై. ఇంత తక్కువ అతను ఎప్పుడూ చెప్పలేదే అనుకుని పొంగిపోయింది. కొంగుతో విసిరింది. యాభై మూడు. నిద్ర చెడుతుందేమోనని మాటలు ఆపింది. నలభై నాలుగు. గాజులు చప్పుడు చేయకుండా చెయ్యి పట్టుకుని కూర్చుంది. జీవితంలో ఎవరికీ ఏమీ ఇవ్వలేదనుకున్న మనిషి, ఇంత నిమ్మళం నా దగ్గరుండెనా అని ఆ అంకెనే చూస్తోంది. ముప్పై ఆరు. కాసేపటికి అంకె పోయి రెండు గీతలు వచ్చాయి. బ్యాటరీ అయిపోయిందేమోనని ఫోనును కొంగుతో తుడిచింది.

ఒంటిగంటన్నర బెల్లు కొట్టారు. ఆ బెల్లుకు తిప్పేష్ లేవకపోవడం ముప్పై ఒక్క ఏళ్ళలో అదే మొదలు. పిలవడానికి వచ్చిన శశి ముందు అతన్ని చూసింది, తర్వాత ఫోను చూసింది, ఉన్నచోటనే కూలబడింది. కిందికి పోతే అరవదని తానే చెప్పిన మాట ఆమెకు గుర్తొచ్చింది.

మూడో రోజు శశి ఇంటికి వచ్చింది. తిప్పేష్ ఫోనులో ఆనాడు గుండె ఎక్కిదిగిన గీత ఇంకా ఉంది, తెరవడానికి శశికి చెయ్యి రాలేదు. మల్లీశ్వరే అడిగింది.

"నేను పక్కన కూచుంటే తగ్గింది. చూస్తాండినా, నేను లేచి ఎవరినీ పిలవలేదు. అది నిమ్మళం కాదు కదా?"

శశి ఫోను తీసి, గీత మీద వేలు పెట్టి చూపించింది. "ఈడ చూడక్కా. తొంభై ఆరు కాడినుంచి డెబ్బై రెండు దాకా నీదే. ఎవరూ కాదనలేరు. ఆ తర్వాత తగ్గింది మాత్రం మన చేతుల్లోది కాదు."

"డెబ్బై రెండు దాకా నాదే" అంది మల్లీశ్వరి. ఇంకోసారి తనకు తానే అనుకుని, తలూపింది.

పోతూ పోతూ శశి పట్టీ ఏం చేద్దామని అడిగింది, ఉతికి ఇమ్మంటే ఇస్తానంది. మల్లీశ్వరి వద్దంది. ఐదు రోజులు తను ఉతకని పట్టీ తలుపు పక్క మేకుకు, అతని చొక్కా మీద వేలాడుతోంది, నల్లటి గుడ్డ నిండా తెల్లగా చారలు కట్టిన ఉప్పుతో.